ఖాళీగా ఉన్నప్పుడే ఆగిపోయే కంప్యూటర్

మే 4, 2025, ఆదివారం

ఈవెంట్ వ్యూయర్ నిండా కెర్నల్ పవర్ 41. దాన్ని చూసి ఏ నిర్ణయానికీ రాకూడదు. మిషన్ సరిగ్గా షట్‌డౌన్ కాకుండానే మళ్ళీ ఆన్ అయిందని మాత్రమే అది చెబుతుంది. కరెంటు పోయినా అదే రాస్తుంది, ప్లగ్గు ఊడినా అదే రాస్తుంది. చూడాల్సింది దాని పక్కన, అదే నిమిషంలో పడిన రెండో ఎంట్రీని: హార్డ్‌వేర్ తప్పుల్ని రాసే డబ్ల్యూహెచ్‌ఈఏ లాగర్, ఈవెంట్ 18. తెరిస్తే నాలుగు ముక్కలు. ప్రాసెసర్ కోర్, మెషిన్ చెక్ ఎక్సెప్షన్, క్యాష్ హైరార్కీ ఎర్రర్, ఏపీఐసీ ఐడీ 4.

ఆ చివరి అంకె అన్నిటికన్నా ముఖ్యం. ఈ ప్రాసెసర్‌లో ఒక్కో కోర్‌కి రెండేసి థ్రెడ్లు. 0, 1 కలిసి మొదటి కోర్. 2, 3 రెండోది. 4, 5 మూడోది. బయోస్ సున్నా నుంచి లెక్కపెడుతుంది కాబట్టి మూడోదాన్ని అక్కడ కోర్ 2 అంటారు. పాత ఎంట్రీల్లోకి వెనక్కి వెళ్ళి చూశాను. ఐడీ 4 చాలాసార్లు, 5 కొన్నిసార్లు, ఒకచోట 9. అంటే కోర్ 2, అప్పుడప్పుడు కోర్ 4. కాగితం మీద రాసుకున్నాను.

మిషన్ మేనల్లుడిది. రైజెన్ 5 5600ఎక్స్, బీ550 బోర్డు, 8 జీబీ ర్యామ్ స్టిక్కులు రెండు, పెద్ద టవర్ కూలర్. పొద్దున బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. "లోడ్ పెడితే మంచిగనే నడుస్తుంది మామా. గంటలు గంటలు గేమ్ ఆడినా ఏం కాదు. ఏం చెయ్యకుండ వదిలేస్తేనే రీస్టార్ట్ అయితుంది" అన్నాడు. వాళ్ళ ఊళ్ళో సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే విండోస్ పాడైందని మళ్ళీ ఎక్కించి డబ్బు తీసుకున్నారట. ఆ రాత్రే మళ్ళీ అదే. ఒక్కసారి ఈ లాగ్ తెరిచి చూసినవాళ్ళెవరూ విండోస్ జోలికి పోరు. పిల్లవాడి దగ్గర ఆ డబ్బు తీసుకోవడం నాకు నచ్చలేదు.

బయోస్‌లో వాడు పెట్టినవి: బూస్ట్ ఓవర్‌రైడ్ 200 మెగాహెర్ట్జ్ అదనం, కోర్లకి అందే వోల్టేజ్‌ని తగ్గించే కర్వ్ ఆప్టిమైజర్ అన్ని కోర్లకీ మైనస్ 30, మెమరీ 3800, ఇన్ఫినిటీ ఫాబ్రిక్ 1900. నాలుగూ ఒకే సాయంత్రం మార్చాడు.

మే 5, సోమవారం

ముందు అన్నీ తీసేశాను. లోడ్ ఆప్టిమైజ్డ్ డిఫాల్ట్స్, సేవ్, రీస్టార్ట్.

"అన్ని తీసేస్తే ఇంకేముంది మామా?" అని వాడి ముఖం చిన్నబోయింది. కంపెనీ ఇచ్చిన సెట్టింగుల మీద ఈ మిషన్ నిలబడుతుందో లేదో తేలకుండా మిగతాది మాట్లాడి లాభం లేదు. డిఫాల్ట్ మీద కూడా పడిపోతే తప్పు ఓవర్‌క్లాక్‌ది కాదు. ర్యామ్ స్టిక్ కావచ్చు, ఎస్‌ఎంపీఎస్ కావచ్చు, కూలర్ సరిగ్గా కూర్చోకపోవచ్చు. అప్పుడు వోల్టేజీలతో కుస్తీ పట్టడం వృథా శ్రమ.

బుధవారం దాకా దాన్ని అలాగే నడవనిస్తాను. ఖాళీగా కూడా, ఎందుకంటే పోయేది అప్పుడే కదా.

మే 7, బుధవారం

డిఫాల్ట్ మీద ఒక్క ఎర్రర్ కూడా లేదు. అంటే తప్పు ఓవర్‌క్లాక్‌దే.

పాలిటెక్నిక్‌లో నేను సెటప్ టైమ్ పాఠం చెప్పేటప్పుడు పిల్లలు రాసుకుంటారే గాని అది తమ చేతిలో ఉన్న ఫోన్‌లోనూ జరుగుతోందని తోచదు. ఇవాళ మేనల్లుడికి బోర్డు లేకుండా, కాగితం మీద చెప్పాను.

వాడి సెట్టింగుతో ఒక కోర్ చేరే 4.85 గిగాహెర్ట్జ్ అంటే ఒక్కో టిక్కు మధ్య 206 పికోసెకన్లు. అంత సమయంలో వెలుతురు కూడా 6 సెంటీమీటర్ల కంటే కాస్త ఎక్కువ దూరమే పోగలదు. ఆ లోపల ఒక ఫ్లిప్‌ఫ్లాప్ నుంచి బయలుదేరిన సిగ్నల్ దారిలో ఉన్న గేట్లన్నీ దాటి, రెండో ఫ్లిప్‌ఫ్లాప్ చేరి, టిక్కు పడేముందు కుదురుకోవాలి. టిక్కు మన ఊరి మొదటి బస్సు లాంటిది. టైముకి కదులుతుంది, పరిగెత్తుకుంటూ వచ్చేవాడి కోసం ఆగదు. ఆలస్యమైన సిగ్నల్ స్థానంలో పాత విలువే మిగిలిపోతుంది: 1 రావాల్సినచోట 0. చిప్పులో లక్షల దారులుంటాయి, అన్నిటికన్నా ఆలస్యమయ్యే దారి ఏదో దాన్ని బట్టే కోర్ ఎంత వేగంగా నడవగలదో తేలుతుంది.

వోల్టేజ్ పెంచితే ట్రాన్సిస్టర్ త్వరగా స్విచ్ అవుతుంది, సిగ్నల్ టైముకి చేరుతుంది. కానీ ఖర్చు వేరేచోట పడుతుంది. పవర్ అనేది ఫ్రీక్వెన్సీకీ, వోల్టేజ్ వర్గానికీ అనుపాతంలో ఉంటుంది. 4.6 నుంచి 4.85కి వెళ్తే వేగం 5 శాతం చిల్లర పెరుగుతుంది. దానికోసం 1.25 వోల్టులని 1.35 చేశామనుకుందాం, పవర్ దాదాపు 23 శాతం పెరుగుతుంది. అదంతా వేడే.

కంపెనీ ఆ చివరి దారికి కూడా కొంత వెసులుబాటు ఉంచి అమ్ముతుంది. చిప్పు ముసలిదైనా, ఎండాకాలమైనా, కరెంటు కాస్త అటూఇటూ అయినా నడవాలని. ఓవర్‌క్లాక్ చేసేవాడు తీసుకునేది ఆ వెసులుబాటునే.

"మరి నేను వోల్టేజ్ పెంచలేదు, తగ్గించిన కదా?" అన్నాడు వాడు. మంచి ప్రశ్న. దానికి జవాబు మళ్ళీ చెప్తానన్నాను.

మే 9, శుక్రవారం

మైక్రోసాఫ్ట్‌లో రేమండ్ చెన్ 2005లో రాసిన సంగతి ఒకటి ఇన్నేళ్ళయినా మరిచిపోలేదు. జనం మిషన్ల నుంచి వచ్చే క్రాష్ రిపోర్టులు చూస్తుంటే కొన్ని అర్థం కాకుండా ఉండేవట. ఒక రిజిస్టర్‌ని సున్నా చేసే మామూలు ఇన్‌స్ట్రక్షన్ దగ్గర ప్రోగ్రామ్ పడిపోయింది. అది మెమరీని ముట్టుకోదు, దేన్నీ భాగించదు, తప్పు జరిగే అవకాశమే లేదు. ఆ మిషన్లవాళ్ళని అడిగితే చాలామంది ఓవర్‌క్లాక్ చేసినవాళ్ళు. ఇంకొందరికి ఓవర్‌క్లాక్ అంటే ఏమిటో కూడా తెలియదు. షాపువాడు తక్కువ వేగం చిప్పుని లాగి నడిపి, ఎక్కువ వేగందని అమ్మాడు.

రెండోరకం వాళ్ళ గురించే నాకు బాధ. వాళ్ళు ఏళ్ళ తరబడి సాఫ్ట్‌వేర్‌ని తిట్టుకుని ఉంటారు.

2011లో మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ వాళ్ళు సుమారు పది లక్షల ఇంటి కంప్యూటర్ల క్రాష్ రికార్డులు పరిశీలించి ఒక పేపర్ వేశారు. ఓవర్‌క్లాక్ చేసినవి స్పష్టంగా ఎక్కువ పడిపోయాయి. నిర్ణీత వేగం కంటే తగ్గించి నడిపినవి మామూలు మిషన్ల కన్నా కూడా గట్టిగా నిలబడ్డాయి. హార్డ్‌వేర్ తప్పుతో ఒకసారి పడిన మిషన్ మళ్ళీ పడే అవకాశం వంద రెట్ల దాకా పెరుగుతుందని కూడా అందులో తేలింది. "ఒక్కసారేగా, చూద్దాంలే" అని వదిలెయ్యడం ఎందుకు పనికిరాదో చెప్పడానికి ఆ ఒక్క లెక్క చాలు.

మే 11, ఆదివారం

ఇవాళ మెమరీ మాత్రమే. ప్రాసెసర్ డిఫాల్ట్ మీదే.

ర్యామ్‌ని దాని అట్ట మీది వేగానికి తెచ్చే ఎక్స్‌ఎంపీ ఆన్ చేస్తే ఓవర్‌క్లాక్ చేసినట్టు కాదని చాలామంది అనుకుంటారు. ఈ ప్రాసెసర్‌కి ఏఎండీ ఒప్పుకున్న డీడీఆర్4 వేగం 3200. ర్యామ్ అట్ట మీద 3600 అని ఉండొచ్చు, ఆ మాట స్టిక్కులు చేసినవాడిది. ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్ ఆ వేగం అందుకుంటుందని అతను హామీ ఇవ్వలేడు.

3600 పెట్టి, ప్రాసెసర్ లోపలి భాగాల్ని కలిపే ఫాబ్రిక్‌ని మెమరీ అసలు క్లాక్‌తో సమంగా 1800 ఉంచి, పెన్‌డ్రైవ్ నుంచి మెమ్‌టెస్ట్86 ఎక్కించి నిన్న రాత్రి వదిలేశాను. పొద్దున చూస్తే ఎర్రర్లు సున్నా. తర్వాత వాడి పాత సెట్టింగ్ 3800, 1900 పెట్టాను. మెమ్‌టెస్ట్‌ని ఇదీ దాటింది! కానీ విండోస్‌లోకి వచ్చి కాసేపు వీడియో నడిపితే లాగ్‌లో ఈవెంట్ 19లు వరసగా పడ్డాయి, బస్/ఇంటర్‌కనెక్ట్ ఎర్రర్. 18 అంటే చేతులెత్తేసిన తప్పు, 19 అంటే హార్డ్‌వేర్ తనంతట తాను దిద్దుకున్న తప్పు. స్క్రీన్ మీద ఏమీ తెలియదు. కానీ తప్పు దిద్దుకుంటూ నడిచే ఫాబ్రిక్‌ని నేను ఒప్పుకోను. 3600, 1800 ఖాయం.

వాడి మిషన్‌లో రెండు రోగాలున్నాయని దీంతో తేలింది. నాలుగు సెట్టింగులూ కలిపి మార్చినప్పుడు అవి ఒకదాని వెనక ఒకటి దాక్కున్నాయి.

మే 14, బుధవారం

ఎర్రర్ మెసేజ్ ఏది చెబితే అదే కారణమని నమ్మేవాళ్ళకి ఇంటెల్ 13, 14వ తరం ప్రాసెసర్ల కథ చెప్పాలి. 2024లో ఐ9 వాడేవాళ్ళకి గేమ్ మొదలవుతూనే "వీడియో మెమరీ చాలదు" అని వచ్చి ఆగిపోయేది. ఎవరైనా గ్రాఫిక్స్ కార్డునే అనుమానిస్తారు. నిజానికి కార్డు శుభ్రంగా ఉంది. గేమ్ ఫైళ్ళని విప్పే పని, అంటే డీకంప్రెషన్, ప్రాసెసర్ మీద జరుగుతుంది; అక్కడ లెక్క తప్పింది. తప్పిన లెక్క తర్వాతి అంచెలో మెమరీ సమస్యలా కనబడింది.

అదీ ఓవర్‌క్లాక్ చేయని మిషన్లలో. ఆ జూలైలో ఇంటెల్ ఒప్పుకుంది: మైక్రోకోడ్‌లోని లెక్క తప్పు, ప్రాసెసర్ అవసరానికి మించిన వోల్టేజ్ అడుగుతోంది. ఆగస్టులో 129 అనే మైక్రోకోడ్‌తో 1.55 వోల్టులకి పైన అడగకుండా కట్టడి పెట్టారు. సెప్టెంబరులో అసలు చోటు చెప్పారు. కోర్ లోపల క్లాక్‌ని పంచే సర్క్యూట్, ఎక్కువ వోల్టేజ్‌కీ వేడికీ త్వరగా అరిగిపోతోంది. అరిగినకొద్దీ చిప్పు నిలబడటానికి కావాల్సిన కనీస వోల్టేజ్ పైకి జరుగుతుంది. అరిగిపోయినదాన్ని ఏ మైక్రోకోడూ వెనక్కి తేలేదు, అందుకే వారంటీ మూడేళ్ళ నుంచి ఐదేళ్ళకి పెంచారు. ఈ నెలలోనే ఇంకో మైక్రోకోడ్, 12ఎఫ్, వచ్చింది. ఈసారిది రోజుల తరబడి ఆపకుండా, తేలికపాటి లోడ్ మీద నడిచే మిషన్ల కోసం.

తేలికపాటి లోడ్. కంపెనీ వేరు, కారణం వేరు, అయినా మేనల్లుడి మిషన్ పక్కన కూర్చుని ఆ మాట చదవగానే పెన్సిల్‌తో గీత పెట్టుకున్నాను.

మే 16, శుక్రవారం

వోల్టేజ్ తగ్గించాను కదా అన్న వాడి ప్రశ్నకి జవాబు ఇవాళ మిషన్ మీదే చూపించాను.

ఆరు కోర్లకీ కలిపి పని ఇస్తే ఈ ప్రాసెసర్ 76 వాట్ల గీత దగ్గర ఆగుతుంది. ఆ గీత దాటకుండా ఉండటానికి వేగం తానే తగ్గించుకుంటుంది, మీటర్‌లో 4.3 దగ్గర ఊగుతోంది. అక్కడ కావాల్సిన వోల్టేజ్ తక్కువ, వెసులుబాటు ఎక్కువ. మైనస్ 30 పెట్టినా ఏమీ కాదు. గేములు గంటల తరబడి ఆడగలిగింది అందుకే.

ఇప్పుడు గేమ్ మూసేద్దాం. అన్ని కోర్లూ నిద్రపోతాయి. వెనకాల ఏదో అప్‌డేట్ చూడటానికి విండోస్ ఒక్క కోర్‌ని లేపుతుంది. వాట్లకి కొరత లేదు, వేడి లేదు, కాబట్టి ఆ ఒక్క కోర్ నేరుగా 4.85కి ఎగురుతుంది. కంపెనీ గీసిన వోల్టేజ్ కర్వ్‌లో అది చిట్టచివరి కొన. వెసులుబాటు అన్నిటికన్నా సన్నగా ఉండేది అక్కడే. కర్వ్ ఆప్టిమైజర్‌లో ఒక్కో అంకెకి 3 నుంచి 5 మిల్లీవోల్టులు. మైనస్ 30 అంటే 90 నుంచి 150 మిల్లీవోల్టుల కోత. నిద్రలోంచి లేచి పరిగెత్తే కోర్‌కి ఆ క్షణంలో వోల్టేజ్ చాలదు. మెషిన్ చెక్, రీస్టార్ట్. స్క్రీన్ మీద నీలం కూడా రాకపోవచ్చు.

"అంటే అది ఖాళీగ లేదన్నట్టు మామా. ఒక్కతే ఉరుకుతుంది."

అంతే. నేను అంత బాగా చెప్పలేకపోయాను.

కాసేపటికి కోర్‌సైక్లర్ పెట్టాం. అదొక చిన్న స్క్రిప్టు. ప్రైమ్95ని ఒక్కసారి ఒక్క కోర్ మీదే నడిపి, కాసేపటికి ఆపి, తర్వాతి కోర్‌కి మారుస్తుంది. పాత ఎస్‌ఎస్‌ఈ ఇన్‌స్ట్రక్షన్లతో నడిపితే వేడి తక్కువ పుడుతుంది, కోర్ తన పై వేగానికి పోతుంది. మనకి కావాల్సింది అదే. మైనస్ 30 మళ్ళీ పెట్టి మొదలుపెట్టాం. కోర్ 2 వంతు రాగానే ఎర్ర అక్షరాలు. ఫేటల్ ఎర్రర్, రౌండింగ్ వాజ్ 0.5, ఎక్స్‌పెక్టెడ్ లెస్ దాన్ 0.4.

ఈ ఒక్క వాక్యం గురించి చెప్పాలి, ఎందుకంటే ఇంతకన్నా నిజాయితీగల ఎర్రర్ మెసేజ్ నేను చూడలేదు. ప్రైమ్95 జార్జ్ వోల్ట్‌మన్ రాసినది, మెర్సెన్ ప్రధాన సంఖ్యలు వెతకడానికి. కోట్ల అంకెలున్న సంఖ్యల్ని అది దశాంశాలతో, ఎఫ్‌ఎఫ్‌టీ పద్ధతిలో గుణిస్తుంది. జవాబు మాత్రం పూర్ణ సంఖ్యే కావాలి. దశాంశాల్లో వచ్చినదాన్ని దగ్గరి పూర్ణ సంఖ్యకి సర్దుతూ, ఎంత తేడా వచ్చిందో ప్రతిసారీ కొలుచుకుంటుంది. తేడా 0.1, 0.2 అయితే జవాబు ఏదో సందేహం లేదు. 0.5 వచ్చిందంటే 7 అనాలో 8 అనాలో చెప్పే ఆధారం పోయింది. అక్కడ అది ఊహించి ముందుకు పోదు, ఆగిపోతుంది. ఒక ప్రధాన సంఖ్య తేలడానికి వారాల లెక్క పడుతుంది, మధ్యలో ఒక్క బిట్ తప్పినా మొత్తం బూడిదే. అందుకే ఆ కాపలా పెట్టుకున్నారు. 2016 జనవరిలో ఇంటెల్ స్కైలేక్ ప్రాసెసర్‌లో నిజంగా ఉన్న లోపాన్ని కూడా బయటపెట్టింది ఈ ప్రోగ్రామే. ఇంటెల్ బయోస్ అప్‌డేట్‌తో దిద్దింది.

సమస్య కోర్ 2 అని మొదటిరోజు లాగ్ చెప్పిందే ఇక్కడా తేలింది. రెండు వేర్వేరు సాక్షులు ఒకే మాట చెప్పాక ఇక అనుమానం ఉండదు.

మే 18, ఆదివారం

ఏఎండీ సాఫ్ట్‌వేర్‌లో కోర్ 2 పక్కన నక్షత్రం గుర్తు ఉంది. ఈ చిప్పులో అది మేలైన కోర్లలో ఒకటని అర్థం. మేలైనది ముందు పడిపోవడమేమిటని వాడికి ఆశ్చర్యం. మేలైన కోర్ తక్కువ వోల్టేజ్‌తో నడుస్తుందని కంపెనీకి ముందే తెలుసు, దాని కర్వ్ ముందే బిగించి పంపింది. కోయడానికి అక్కడ మిగిలింది తక్కువ. పైగా విండోస్ ఒంటరి పనులు ఎక్కువగా దానికే ఇస్తుంది. అన్ని కోర్లకీ ఒకే అంకె పెట్టమని సలహా ఇచ్చేవాళ్ళు ఈ రెండు సంగతులూ మరిచిపోతారు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర పాత రోజులు గుర్తొచ్చాయి. 1998లో వచ్చిన సెలెరాన్ 300ఏ. 66 మెగాహెర్ట్జ్ బస్, 4.5 మల్టిప్లయర్, మొత్తం 300. మల్టిప్లయర్‌కి తాళం వేశారు, బస్‌కి వెయ్యలేదు. బస్‌ని 100 చేస్తే నేరుగా 450. 128 కేబీ క్యాష్ చిప్పులోనే, పూర్తి వేగంతో ఉండటం వల్ల దానికంటే ఎంతో ఖరీదైన పెంటియమ్ 2కి దీటుగా నడిచేది. బస్ మార్చే వీలులేని బోర్డుల కోసం ప్రాసెసర్ కార్డు అంచున బీ21 అనే ఒక్క పిన్ను మీద సన్నటి టేపు ముక్క అంటించేవాళ్ళు.

450 పడకపోతే 83 బస్ పెట్టి 375 దగ్గర సరిపెట్టుకునేవాళ్ళు కొందరు. మాకు నిజంగా దెబ్బ తగిలింది అక్కడే. పీసీఐ 33 మెగాహెర్ట్జ్ దగ్గర నడవాలి. బస్ 100 అయితే మూడుతో భాగించి 33 వస్తుంది. 83ని చాలా బోర్డులు రెండుతోనే భాగించేవి, పీసీఐ 41.5కి పోయేది. ప్రాసెసర్ హాయిగానే ఉండేది, హార్డ్ డిస్కులో ఫైళ్ళు చెడిపోయేవి. 450 కంటే 375 భద్రమని అనిపిస్తుంది, లెక్క చూస్తే తలకిందులు.

మే 22, గురువారం

ఎస్‌ఎంపీఎస్ కూడా చూశాను. మంచిదే. ఎక్స్‌టెన్షన్ బాక్స్ తీసేసి నేరుగా గోడ సాకెట్‌కి పెట్టాను, అనుమానం మిగలకూడదని.

లోడ్‌లైన్ కాలిబ్రేషన్ ఆటోలోనే ఉంచాను. లోడ్ పడగానే వోల్టేజ్ కాస్త కుంగడం లోపం కాదు, కావాలని అలా రూపొందించారు. కుంగకుండా దాన్ని బిగించి పెడితే, లోడ్ తీసేసిన క్షణంలో వోల్టేజ్ పైకి ఎగసి దెబ్బకొడుతుంది. చార్టులో గీత తిన్నగా కనబడాలని దాన్ని గరిష్ఠానికి పెట్టేవాళ్ళని చూస్తే నాకు భయం.

కోర్ 2 ఇప్పుడు మైనస్ 8. కోర్ 4 మైనస్ 15. మిగతావి మైనస్ 20. బూస్ట్ 200 నుంచి 100కి దించాం. ఒకసారికి ఒకటే మార్పు, ప్రతి మార్పూ నోట్‌బుక్కులో, దాని ఎదురుగా ఫలితం. వాడే రాస్తున్నాడు.

మే 27, మంగళవారం

నైరుతి ఈసారి తొందరగా వచ్చేసింది. 24న కేరళని తాకింది, ఇప్పుడు మనదాకా. రోహిణి కార్తెలో రాళ్ళు పగలాల్సింది పోయి వానలు. గది 36 నుంచి 28కి దిగింది.

మైనస్ 15 మీద ఇంతకాలం శుభ్రంగా ఉన్న కోర్ 4 ఇవాళ పొద్దున ఎర్రర్ ఇచ్చింది.

చల్లబడితే మెరుగుపడాలి కదా అని అక్క కూడా ఫోన్‌లో అడిగింది. పాత ప్రాసెసర్లయితే, వేగం మనం కట్టేసి ఉంచితే, ఆ మాట నిజమే. ఈ ప్రాసెసర్ తన వేడి చూసుకుని తానే వేగం నిర్ణయించుకుంటుంది. ఎండలో, కోర్ వేడిగా ఉన్నప్పుడు, పై కొన దాకా పోకుండా 25, 50 మెగాహెర్ట్జ్ ముందే ఆగేది. ఇవాళ చల్లగా ఉంది కాబట్టి కొన దాకా వెళ్ళింది. మేం అసలు పరీక్షించని చోటికి, వాన వచ్చాక మొదటిసారి చేరింది. లాగ్‌లో ఉన్న గరిష్ఠ వేగాలు పక్కపక్కన పెట్టి చూస్తే తేడా కళ్ళకి కనబడింది.

ఈ పని మీద నాకున్న ప్రేమంతా ఇలాంటి పూటలకే. వారం నుంచి పాస్ అయిందనుకున్నదాన్ని ఒక వాన పరీక్షించి పోయింది. ఓవర్‌క్లాక్ సెట్టింగ్‌ని వేసవిలో పరీక్షిస్తే శీతాకాలంలో మళ్ళీ పరీక్షించాలి, శీతాకాలంలో చేస్తే వేసవిలో. రెండు కాలాల్లో తప్పు వచ్చే దారులు వేరు.

కోర్ 4ని మైనస్ 10కి తెచ్చాం.

మే 30, శుక్రవారం

వాడు పాత సెట్టింగుల మీద ఉన్నప్పుడు అక్కవాళ్ళ ఫోటోలన్నీ ఒక జిప్ ఫైల్ చేసి పెట్టాడు. ఇవాళ దాన్ని సెవెన్ జిప్‌లో టెస్ట్ చెయ్యమన్నాను. ఒక ఫైల్ దగ్గర సీఆర్‌సీ ఫెయిల్డ్.

ఆ ఫోటో తీసి చూశాం. నిరుటి బతుకమ్మ. పైన తంగేడు వరసలు, గునుగు వరసలు నిండుగా ఉన్నాయి. సగం నుంచి కిందికి బొమ్మ పక్కకి జరిగిపోయింది. చేతులు ఒకచోట, పళ్ళెం ఇంకోచోట, చీరల రంగులన్నీ బూడిద పచ్చలోకి మారిపోయాయి. జేపెగ్‌లో ఒక్క బైట్ తప్పితే ఆ తర్వాతి డేటా అంతా తప్పుగా చదవబడుతుంది, ఆ బైట్ ఎక్కడుందో బొమ్మ మీదే గీత కనబడుతుంది.

అసలు ఫోటో అక్క ఫోన్‌లో భద్రంగా ఉంది. నష్టం ఏమీ లేదు. కానీ వాడు చాలాసేపు మాట్లాడలేదు. "ఆ రోజు మిషన్ క్రాష్ కూడా కాలేదు మామా" అన్నాడు ఆఖరికి.

నేను ఇన్నాళ్ళుగా వాడికి చెప్పాలనుకున్నది ఇదే. క్రాష్ అయిన మిషన్ కనీసం తప్పు జరిగిందని చెప్పింది. లెక్క తప్పి, చెప్పకుండా, తప్పు జవాబుని డిస్కులో రాసి ముందుకు పోయేది ప్రమాదం. ఇంటి కంప్యూటర్ల ర్యామ్‌లో తప్పుల్ని పట్టి దిద్దే ఈసీసీ ఉండదు, ప్రైమ్95లా ప్రతి ప్రోగ్రామూ తన జవాబుని తాను కొలుచుకోదు. గేమ్‌లో ఒక పిక్సెల్ రంగు తప్పితే ఎవరికీ ఏమీ కాదు. అదే మిషన్ మీద అక్క బ్యాంకు పని చేసుకుంటుంది, బావ దుకాణం జీఎస్టీ లెక్కలు ఎక్కిస్తాడు. "క్రాష్ కాకపోతే స్టేబుల్" అనే మాట ఆ మిషన్ ముందు కూర్చునే అందరి తరఫునా ఒక్కడు చెప్పేసే మాట. దాన్ని నేను ఒప్పుకోలేను.

జూన్ 3, మంగళవారం

సినీబెంచ్ ఆర్23లో డిఫాల్ట్ మీద సుమారు 11,000, ఇప్పుడు సుమారు 11,500. కోర్ల అంకెలతోపాటు పవర్ గీత కొంచెం పెంచాం, 76 నుంచి 90 వాట్లు. గేమ్‌లో తేడా కంటికి తెలియదని వాడే అన్నాడు. అయినా పూర్తిగా డిఫాల్ట్‌కి పోదామంటే ఒప్పుకోలేదు. ఇది తను కష్టపడి సాధించిన 500 అట. నాకది బాగానే అర్థమైంది.

జూన్ 8, ఆదివారం

మిషన్ ఇవాళ వెళ్ళింది. క్యాబినెట్ పక్క తలుపు లోపల ఒక కాగితం అంటించాం: బయోస్ వెర్షన్, ఆరు కోర్ల అంకెలు, మెమరీ వేగం, చివరి పరీక్ష తేదీ, ఆనాటి గది వేడి. బయోస్ అప్‌డేట్ చేస్తే ఈ కాగితం చెల్లదని కింద రాయించాను. కొత్త బయోస్‌తో ప్రాసెసర్‌కి వెళ్ళే లోపలి కోడ్ మారుతుంది, అదే మైనస్ 10 రేపు ఇంకోలా ప్రవర్తించవచ్చు.

ఏవీఎక్స్2 లోడ్ మీద కోర్‌సైక్లర్ ఇంకా పూర్తి కాలేదు. కోర్ 3, 5 మిగిలాయి. కరెంటు ఎక్కువ లాగి వేగం తగ్గే పరీక్ష అది, తప్పు దొరికే అవకాశం తక్కువ. అయినా వదలొద్దన్నాను. రాత్రి ఇంటికి చేరగానే పెట్టి, పొద్దున లాగ్ ఫోటో తీసి పంపుతానన్నాడు. కాలేజీలో స్నేహితుడి మిషన్ కూడా ఇలాగే పోతోందట, దాన్ని ముందు డిఫాల్ట్‌కి తెమ్మని వాడే ఫోన్‌లో చెప్పాడు.